ల్యాబు కిటికీలోంచి ఇచ్చిన సలహా

ఎమ్మిగనూరులో కొన్నాళ్లు, ఆదోనిలో మిగతా కాలమంతా, మొత్తం ముప్పై మూడేళ్లు ప్రభుత్వ ఆసుపత్రుల ల్యాబుల్లో టెక్నీషియన్‌గా పనిచేసి పోయిన ఏడు రిటైరయ్యాను. కొత్తగా ఉద్యోగంలో చేరిన వాళ్లు ఇద్దరు ముగ్గురు మా ఇంటికి వచ్చి అనుభవాలు చెప్పమని అడిగారు. నిజానికి వాళ్లకు కావలసింది ఏ అధికారితో ఎలా మెలగాలి, ఎక్కడికి బదిలీ పెట్టుకుంటే సుఖం అనే సంగతులు. అవి నాకు తెలియవు. తెలిసి ఉంటే ఒక్క ఏడాదైనా ఫ్యాను తిరిగే గదిలో కూర్చునేవాణ్ణి.

నాకు తెలిసింది రక్తం. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, రక్తం గురించి నాకు చాలా తెలుసని నేను అనుకున్నాను. తెలియడానికీ, తెలుసనుకోవడానికీ మధ్య ఎంత తేడా ఉందో ఒక పరుపులు కుట్టే మనిషి లివరు మీద తేలింది. ఈ వృత్తిలోకి వచ్చేవాళ్లు చదవవలసిన పాఠం నా దగ్గర అదొక్కటే ఉంది.

సీసాను చూడటం

ఎమ్మిగనూరులో నా పైన సీనియర్ టెక్నీషియన్ రహీం సాబ్. ఆయన పేపరు తప్ప ఏమీ చదివేవాడు కాదు, అదీ వెనక పేజీ నుంచి. కానీ రక్తాన్ని మిషన్లో తిప్పి, పైన తేలే సీరం వేరుచేశాక ప్రతి సీసానూ కిటికీ వెలుతురుకు ఎత్తిపట్టి కాసేపు చూసేవాడు. నేను అప్పుడే డిప్లొమా చేసి వచ్చినవాణ్ణి. మిషను ఉండగా ఈ జోస్యమేమిటని లోలోపల నవ్వుకునేవాణ్ణి.

ఒకరోజు ఒక నేతగాడి రక్తంలో పొటాషియం చాలా ఎక్కువగా ఉందని రిపోర్టు రాసి పెట్టాను. సాబ్ ఆ సీసాను ఎత్తి చూశాడు. సీరం ఎర్రగా ఉంది. సిరంజీ గట్టిగా లాగడం వల్ల కణాలు పగిలి, వాటిలో ఉన్నది బయటికి వచ్చింది. ఎక్కువగా ఉన్నది నేతగాడి జబ్బు కాదు, నా తొందర. సాబ్ ఆ కాగితాన్ని చించి, "పో, మళ్లా తీసుకొని రా" అన్నాడు.

వెళ్లాను. నేతగాడు మగ్గం గుంటలో కూర్చుని ఉన్నాడు. లేవలేదు. ఎడమ చెయ్యి నాకిచ్చి, కళ్లు మాత్రం నేత మీదనే పెట్టుకున్నాడు. మొన్న తీసింది ఏమైందని అడిగితే, చాల్లేదని చెప్పాను.

"నీకు చాలకుంటే నాకు ఇంగేం మిగలాలప్పా" అన్నాడు.

సాబ్ దగ్గర నేర్చుకున్న ఆ అలవాటు కడదాకా నాతో వచ్చింది. కానీ సీసాను వెలుతురుకు పట్టి చూసినంత శ్రద్ధగా కిటికీ అవతల నిలబడిన మనిషిని చూడలేదు. ఆ సంగతి ముందుంది.

పుస్తకం దొరకడం

ఆదోనికి వచ్చాక సాయంత్రాలు గ్రంథాలయానికి పోవడం అలవాటైంది. పోటీ పరీక్షల పుస్తకాల మధ్య ఒకరోజు ఇటుకంత లావు ఇంగ్లీషు పుస్తకం కనిపించింది. శరీరం రోగాలతో ఎలా పోరాడుతుందన్న శాస్త్రం. చనిపోయిన ఒక డాక్టరుగారి ఇంటివాళ్లు బీరువా ఖాళీ చేస్తూ ఇచ్చారట. నేను పేరు రాయించుకుని తీసుకుపోతే, గ్రంథాలయం ఆయన తిరిగి తెమ్మని కూడా అనలేదు. "అడిగేవాళ్లు ఎవరూ లేరు, నీ దగ్గరే పెట్టుకో" అన్నాడు. నిఘంటువు పక్కన పెట్టుకుని రెండేళ్లు చదివాను. మా ఆసుపత్రిలో డాక్టర్ల కంటే నాకే ఎక్కువ తెలుసన్న నమ్మకం ఆరో నెలలోనే వచ్చేసింది. చదువు ఇంకా పూర్తికాకముందే వచ్చిందంటే, అది ఎంత త్వరగా పనిచేసే పుస్తకమో చూడండి.

అందులో నాకు బాగా నచ్చిన అధ్యాయం టి కణాలది. వైరస్ సోకిన కణాన్ని ఇవి గుర్తుపట్టి చంపుతాయి. అయితే లోపల దాక్కున్న వైరస్‌ను విడిగా బయటికి ఈడ్చి కొట్టడం వీటికి రాదు. అది దాక్కున్న మన సొంత కణాన్నే కొట్టాలి. హద్దు లేకుండా కొడితే వైరస్‌తో పాటు లివరూ పోతుంది, ఊపిరితిత్తీ పోతుంది. అందుకని పనిలోకి దిగిన టి కణం ఒంటి మీద కొన్ని గ్రాహకాలు మొలుస్తాయి. పుస్తకం వాటిని నిరోధక గ్రాహకాలు అంది. నేను బ్రేకులు అనుకున్నాను. చుట్టుపక్కల కణాలు ఆ బ్రేకును తాకితే టి కణం నెమ్మదిస్తుంది.

నాలుగు రోజులు ఉండిపోయే వైరస్ అయితే, అది పోయాక బ్రేకులూ తగ్గిపోతాయి. హెపటైటిస్ బి లాగా ఏళ్ల తరబడి లివర్లోనే కాపురం పెట్టే వైరస్ అయితే బ్రేకులు పోవు. ఒకదాని పక్కన ఇంకో రకం వచ్చి చేరుతుంది. చివరికి ఆ టి కణం చావదు, ఉన్నచోటే ఉంటుంది, పని మాత్రం చేయదు. పుస్తకం దాన్ని అలసిపోయిన కణం అంది. ఆ వర్ణన చదివినప్పుడు నాకు తెలిసిన ఇద్దరు ముగ్గురు గుమాస్తాలు గుర్తొచ్చారు.

తర్వాతి పేజీలో ఎలుకల సంగతి ఉంది. ఒక రకం బ్రేకు పనిచేయకుండా చేసిన ఎలుకలకు మొండి వైరస్ ఎక్కించారట. వాటి టి కణాలు బ్రహ్మాండంగా పోరాడాయట. ఎలుకలు చచ్చిపోయాయట. ఆ వాక్యం కింద పెన్సిలుతో గీత గీశాను. గ్రంథాలయం పుస్తకంలో గీతలు గీయకూడదని నాకు తెలుసు. అంత నచ్చింది.

కోవిడ్ వచ్చినప్పుడు ఈ చదువంతా పొంగింది. ఊరు ఊరంతా రోగనిరోధక శక్తి పెంచుకునే పనిలో ఉంది. కషాయం పొట్లాలు, బిళ్లలు, చివరికి అదే పేరుతో బిస్కెట్లు కూడా వచ్చాయి. నేను ఒక తెల్ల కాగితం మీద "శక్తి పెరగడం ఒక్కటే కాదు, ఆగడం కూడా ముఖ్యం" అని పెద్ద అక్షరాలతో రాసి ల్యాబు కిటికీ పక్కన అంటించాను. మా ఆసుపత్రి ఫిజీషియన్ డాక్టర్ వసుంధర రౌండ్స్‌కు వెళ్తూ ఆగి చదివారు.

"ఈరన్నా, నువ్వు రాసింది నిజమే. తీసెయ్" అన్నారు.

ఎందుకన్నాను. నిజం చదివి వాళ్లు ఏం చేస్తారో నీకు తెలుసా, తెలియనప్పుడు అంటించకూడదు అన్నారు. ఆమెకు కొంచెం అసూయ అనుకున్నాను. కాగితం మాత్రం తీసేశాను.

భుజం మీద చెయ్యి

దస్తగిరి దూదేకుల ఇంటి మనిషి. ఆదోనిలో చిన్న కొట్టు పెట్టుకుని పరుపులు, దిండ్లు కుడతాడు. చెల్లెలి ఆపరేషన్‌కు రక్తం ఇవ్వడానికి వచ్చినప్పుడు పరీక్ష కార్డు మీద రెండో గీత వచ్చింది. హెపటైటిస్ బి. పుట్టుకతోనో చిన్నప్పుడో అంటుకుని ఉంటుంది, ఒంట్లో ఏ కష్టమూ లేదు, లివరు పరీక్షలన్నీ మామూలుగా ఉన్నాయి. డాక్టరమ్మ ఆయన భార్య మాబున్నికీ పిల్లలకూ పరీక్షలు చేయించి టీకాలు వేయించారు. ఆయనకు మందు అవసరం లేదని, ఆరు నెలలకోసారి రక్తం చూపించుకోమని, తనకు చెప్పకుండా ఏ మందూ మింగొద్దని చెప్పారు.

అంతటితో సరిపోయేది. కానీ ఆయన రిపోర్టు తీసుకోవడానికి నా కిటికీ దగ్గరికి వచ్చాడు. ఒంట్లో పురుగు పెట్టుకుని ఊరికే ఉండమంటే ఎట్లని అడిగాడు. నేను ఇరవై నిమిషాలు టి కణాల గురించి చెప్పాను. వెనక వరుసలో ఉన్నవాళ్లు కసురుకున్నారు. దస్తగిరి మాత్రం చెయ్యి గడ్డం కింద పెట్టుకుని విన్నాడు.

"అంటే ఈరన్నా, దేవరగట్టు కర్రల కొట్లాటలో కర్ర ఎత్తినోని భుజం మీద పెద్దమనిషి చెయ్యేసినట్ల. అంతేనా?"

"అంతే."

"చెయ్యి తీసేస్తే?"

"మీ ఇల్లే పగుల్తాది."

ఆయన తృప్తిగా పోయాడు. రెండేళ్ల చదువులో నాకు తట్టని పోలిక ఆయనకు నిలబడినచోటే తట్టినందుకు నాకు కొంచెం కష్టంగా అనిపించింది. ఆ తర్వాత అందరికీ ఆ పోలికే చెప్పాను, నాదే అన్నట్టు.

పొడి

పరుపు కుట్టేవాడి పని నేల మీద. పొద్దస్తమానం మోకాళ్లు మడిచి కూర్చోవాలి. దస్తగిరికి మోకాళ్లు పట్టేశాయి. ఎమ్మిగనూరు సంతలో ఒకాయన కీళ్ల నొప్పులకు వేర్ల పొడి అమ్ముతాడని ఎవరో చెప్పారు. తిన్న మూడో రోజుకే నొప్పి మాయమైంది. వేర్లు అంత త్వరగా పనిచేయవు. అలాంటి పొడుల్లో చాలాసార్లు స్టెరాయిడ్ బిళ్లలు నూరి కలుపుతారు. నొప్పీ వాపూ తగ్గించేది అదే, టి కణాలను అణచిపెట్టేదీ అదే. శరీరం తనకు తాను వేసుకునే బ్రేకులు కావివి, బయటి నుంచి వేసే ఇంకో బ్రేకు. టి కణాలు అణిగితే లివర్లో ఉన్న వైరస్‌కు అడ్డు ఉండదు. అది తీరిగ్గా పెరుగుతుంది. కొట్టేవాడు లేడు గనుక పైకి ఏమీ తెలియదు.

ఆరు నెలల పరీక్షకు ఆయన రాలేదు. ఎనిమిది నెలలకు ఏదో పని మీద ఆసుపత్రికి వచ్చి కిటికీ దగ్గర తొంగి చూశాడు. ముఖం చంద్రుడిలా గుండ్రంగా ఉంది. బుగ్గలు ఉబ్బాయి. ఆకలి బాగా వేస్తోందని, ఇరవై ఏళ్ల వయసు తిరిగి వచ్చినట్టుందని సంతోషంగా చెప్పాడు. పొడి సంగతి అప్పుడు బయటపడింది.

నేను ఆ ముఖాన్ని పుస్తకంలో బొమ్మగా చూసి ఉన్నాను. ఇప్పుడు కిటికీ అవతల మనిషిగా కనిపించగానే నాకు కలిగింది భయం కాదు, సంతోషం. పరీక్ష చేయకుండానే పట్టేశాను కదా.

"అది వేర్లు కాదప్పా, స్టెరాయిడు. ఈ పొద్దు నుంచే మానెయ్. ఒక్క చిటికె గూడ ముట్టొద్దు" అన్నాను.

"నొప్పి మళ్లా వస్తాది గదా."

"రానీ. నీ ఒంట్లో కాపలావోళ్లను అది పండబెట్టింది. మానేస్తే లేస్తారు."

సరేనని తల ఊపి వెళ్లిపోయాడు. ఆరోజు డాక్టరమ్మ ఓపీ వరుస గేటు దాకా ఉంది. ఆమెకు తర్వాత చెబుదాంలే అనుకున్నాను. ఆ తర్వాత అనేది రాలేదు. ఆయన రక్తం ఒక్క సీసా తీసి ఉంచుదామని కూడా తోచలేదు. జవాబు నాకు ముందే తెలుసు కాబట్టి.

చిన్నవాళ్లు ఇక్కడ ఒక నిమిషం ఆగి చూడండి. నేను చెప్పినదాంట్లో ఒక్క మాటా అబద్ధం కాదు. కాపలావాళ్లు లేస్తారన్నాను. లేచారు.

పసుపు సీరం

ఏడు వారాల తర్వాత ఒక ఉదయం వార్డు నుంచి వచ్చిన రక్తాన్ని తిప్పి, అలవాటు ప్రకారం వెలుతురుకు పట్టాను. సీరం ముదురు పసుపు. సీసా మీద దస్తగిరి పేరు. లివరు పరీక్ష వేస్తే మిషను చదవగలిగిన హద్దు దాటిపోయింది. సెలైన్‌తో పలచన చేసి మళ్లీ వేశాను. ఇంకా దాటింది. ఇంకోసారి పలచన చేశాను. రక్తం గడ్డకట్టే సమయం చూస్తే అదీ బాగా సాగింది. లివరు ఒక్కసారిగా దెబ్బతిన్నదని దాని అర్థం.

ఏం జరిగిందో ఆ సీసా పట్టుకుని నిలబడినప్పుడే తెలిసింది. పొడి తిన్న అన్ని నెలలూ వైరస్ లివరంతా నిండింది. పొడి ఆగింది. టి కణాలు లేచి చూస్తే కొట్టవలసినవి అన్నిచోట్లా ఉన్నాయి. నేను పెన్సిలుతో గీత గీసిన ఎలుకల వాక్యం ఇప్పుడు పక్క వార్డులో మంచం మీద పడుకుని ఉంది.

వార్డుకు వెళ్లాను. దస్తగిరి కళ్లు పసుపు పూసినట్టున్నాయి. లేచి కూర్చోలేకపోతున్నాడు. కామెర్లని చూడగానే మాబున్ని మొదట పసరు వేయించింది. పది రోజులు ఉప్పూ నూనే లేని గంజి పత్యం. వాంతులు మొదలయ్యాక ఆసుపత్రికి తీసుకొచ్చింది. డాక్టరమ్మ బీపీ రెండుసార్లు చూసి నర్సు చేత మూడోసారి చూపించారు. కామెర్లు వచ్చినవాడికి బీపీ ఇంత తక్కువ ఎందుకుందో ఆమెకు అంతుపట్టలేదు. బయటి మందులు ఏమైనా వాడావా అని అడిగారు. లేదన్నాడు. మాబున్నిని అడిగారు. పసరు తప్ప ఏమీ లేదమ్మా అంది. ఇద్దరూ నా వైపు చూడలేదు.

కర్నూలు పెద్దాసుపత్రికి పంపాలని నిర్ణయించారు. అంబులెన్సు కోసం ఫోను చేశారు. వేరే ఊరి నుంచి రావాలి, గంటా గంటన్నర పడుతుందన్నారు. ఆ గంటన్నరలో ఆమె రాసే ఉత్తరమే అక్కడి డాక్టర్లకు దారి. అందులో పొడి మాట లేదు. అది తెలిసినవాళ్లు ముగ్గురు. ఇద్దరు దాచారు. మూడోవాణ్ణి నేను.

నేను ల్యాబుకు వచ్చి కూర్చున్నాను. ఈ భాగం రాయడానికి ఇష్టం లేదు గానీ, ఇది లేకపోతే మిగతాది రాయడం దండగ. చేతిలో ఏదో పని ఉన్నట్టు నాలుగు స్లైడులు రంగు వేసి కడిగాను. ఎలాగూ లివరు పాడైంది కదా, కారణం ఏదైతేనేం, వైద్యం ఒకటే కదా అని వాదించుకున్నాను. అది తప్పని నాకు పుస్తకం ప్రకారమే తెలుసు. నెలల తరబడి బయటి నుంచి స్టెరాయిడ్ వస్తుంటే ఒళ్లు తన సొంతది తయారు చేసుకోవడం మానేస్తుంది. ఒకేసారి ఆపితే బీపీ నిలబడదు. పైగా ఆయన పది రోజులుగా ఉప్పు ముట్టలేదు. ఇది చెప్పకపోతే దారిలోనే పోవచ్చు. చెబితే, ల్యాబులో కూర్చుని మందులు మాన్పించినవాడిగా నా పేరు పైకి పోవచ్చు. ఉద్యోగానికే ముప్పు. మనిషి ప్రాణమూ నా పేరూ తక్కెడలో వేసుకుని అరగంట కూర్చున్నానంటే, నా చదువు నన్ను ఎంతవరకు తీసుకొచ్చిందో మీరే అంచనా వేసుకోండి.

అరగంట తర్వాత ఆమె గదికి వెళ్లి పొడి సంగతి చెప్పాను. ఆమె కలం ఆపారు. ఎన్నాళ్లు తిన్నాడు, ఏ రోజు మానాడు, రోజుకు ఎంత అని వరుసగా అడిగారు. చెప్పాను.

"ఎవరు మానమన్నారు?"

"నేనే మేడమ్."

ఆమె తిట్టలేదు. లేచి వార్డుకు పరుగులాంటి నడకతో పోయి, సెలైన్ పెట్టించి, స్టెరాయిడ్ ఇంజెక్షన్ తనే ఇచ్చారు. నేను ఒక్క చిటికె కూడా ముట్టొద్దన్న మందునే నా కళ్ల ముందు నరంలోకి ఎక్కించారు. వైరస్‌ను అదుపు చేసే బిళ్ల ఆ పూటే మొదలుపెట్టమని ఉత్తరంలో రాశారు. అంబులెన్సు వెళ్లాక చేతులు కడుక్కుంటూ నాతో అన్నారు.

"మాన్పించాలన్నది తప్పు కాదు ఈరన్నా. ముందు వైరస్‌కు మందు పెట్టి, తర్వాత కొంచెం కొంచెంగా తగ్గించాలి. అది చెప్పేకి నేనున్నాను. నా గది నీ కిటికీకి ఎన్ని అడుగులు?"

లెక్కపెట్టలేదన్నాను.

"లెక్కపెట్టు" అన్నారు.

పేరు రావడం

దస్తగిరి బతికాడు. మూడు వారాలకు కర్నూలు నుంచి వచ్చాడు, సగం మనిషై. రోజూ ఒక బిళ్ల వేసుకోవాలి, డాక్టర్లు చెప్పేదాకా ఆపకూడదు. నెలనెలా నేనే రక్తం తీశాను. సీరం రంగు నెమ్మదిగా ఎండుగడ్డి రంగుకు, అంటే ఉండవలసిన రంగుకు వచ్చింది.

ఆయనకు నేను అసలు సంగతి చెప్పలేదు. ఒంట్లో శక్తి వచ్చాక చెబుదాం అనుకున్నాను. శక్తి వచ్చింది, కొట్టు తెరిచాడు. ఆ లోపల ఊళ్లో కథ తయారైంది. సంతలో పొడి దస్తగిరి లివరును తినేసిందట. ఈరన్న ముఖం చూసి పట్టేసి మాన్పించాడట. ఇంకో నెల ఆలస్యమైతే మనిషి దక్కేవాడు కాదట. కథలో ప్రతి ముక్కా సగం నిజమే. అందుకే దాన్ని ఖండించడానికి నాకు ఎక్కడా పట్టు దొరకలేదు. నేను అలా చెప్పుకున్నాను.

జనం పొట్లాలు తెచ్చి కిటికీలో పెట్టడం మొదలుపెట్టారు. ఇది వేర్లా, స్టెరాయిడా చూడప్పా అని. నేను ఒక్కొక్కరినీ వెంటబెట్టుకుని డాక్టరమ్మ గదికి తీసుకుపోయేవాణ్ణి. ఇరవై ఆరు అడుగులు. దానికీ పేరొచ్చింది. ఇంత తెలిసినా ఎంత అణకువ అన్నారు.

నా రిటైర్మెంటు సభకు దస్తగిరి ఒక కొత్త పరుపు మోసుకొచ్చాడు. వేదిక మీద శాలువాల పక్కన పరుపు చుట్టి నిలబెడితే ఫోటోగ్రాఫరుకు ఇబ్బందైంది. దస్తగిరిని రెండు మాటలు మాట్లాడమన్నారు. ఆయన మైకు అవసరం లేని గొంతుతో, "ఈయన లేకుంటే నేను లేను, అంతే సెప్పేది" అని దిగిపోయాడు. చప్పట్లు కొట్టారు. పక్కన కూర్చున్న డాక్టరమ్మ నీళ్ల సీసా మూతను తిప్పుతూ దానివైపే చూస్తున్నారు. తర్వాత మైకు నా చేతికి వచ్చింది. నేను అందరికీ కృతజ్ఞతలు చెప్పాను. గ్రంథాలయానికి కూడా చెప్పాను. చెప్పవలసిన ఒక్క వాక్యం చెప్పలేదు.

కొట్టులో

ఆ పరుపు మీద పది రోజులు పడుకున్నాక, ఒక మధ్యాహ్నం ఆయన కొట్టుకు వెళ్లాను. బేరాలు లేని వేళ. దస్తగిరి ఇప్పుడు స్టూలు మీద కూర్చుని కుడుతున్నాడు. మోకాళ్లకు డాక్టరమ్మ చెప్పిన ఏర్పాటు. మాబున్ని దిండు గలీబులు మడత పెడుతోంది. నేను ఎదురుగా పత్తి మూట మీద కూర్చుని, దారంతా వల్లెవేసుకున్న వాక్యాన్ని ఆపకుండా చెప్పేశాను. పొడి వల్ల వైరస్ పెరిగిన మాట నిజమే గానీ, కామెర్లు వచ్చింది దాన్ని ఒకేసారి ఆపినందుకని, ఆపమన్నది నేనని, సభలో అన్నదానికి నేను తగనని.

దస్తగిరి సూది ఆపలేదు.

"నాకు తెలుసు ఈరన్నా" అన్నాడు.

డాక్టరమ్మ ఆ రోజు ఇంజెక్షన్ ఇస్తూనే, పొడి ఒక్కసారిగా మానేసినందుకే ఇట్లయిందని ఆయనకు చెప్పారట. ఎవరు మానమన్నారని కూడా అడిగారట.

"ఏం సెప్పినావు?"

"నాకై నేనే మానేసినానన్నె. ఆయమ్మ నగింది."

అప్పటికి నేను ఆమె గదిలో ఒప్పుకుని పది నిమిషాలు కూడా కాలేదు. ఆమె ఈ సంగతి నాకు ఎప్పుడూ చెప్పలేదు. అంతకు ముందు పొడి మాటే ఎందుకు దాచారని అడిగాను.

"పొడి అంటే, ఎవురు మానమన్నారంటారు. నీ పేరొస్తాది. నాదేమో పానం పోతాండాది, నీ ఉద్యోగం గూడ పోయేదెందుకని."

మాబున్ని గలీబు దులిపి, "ఆ తెలివికే పానం పోతాండె" అంది. "నేనన్నా సెప్పుంటి. ఈయప్ప నా చెయ్యి గట్టిగ పట్టుకునుండె."

అన్నీ తెలిసి సభలో అలా ఎందుకు మాట్లాడావని అడిగాను.

"తప్పేముంది? నువ్వు పోయి డాక్టరమ్మకు సెప్పకుంటే నేను దావలోనే పోయేటోన్ని. ఆ మాటే సెప్పినా." దారాన్ని పంటితో తెంపాడు. తెంపి మొదటిసారి నా ముఖంలోకి చూశాడు. "కానీ ఒకటి. ఆయమ్మకు ఆ పొద్దే సెప్పినావు. నాకు సెప్పేకి రెండేండ్లు పట్టె. లివరు నాది గదా ఈరన్నా. ముందు నాకు గదా సెప్పల్ల."

అవునన్నాను.